కొండకు కుడివైపు నేను, ఎడమవైపు వదిన

బూట్లు బాగుచేసే మా అన్నయ్య ముందురోజే నావీ వదినవీ రెండు జతలకూ ఒకే రబ్బరు షీటులోంచి అడుగులు కోసి, ఒకే డబ్బాలోని జిగురు పూసి, రాత్రంతా ఆరబెట్టాడు. పొద్దున్నే దుకాణం ముందు నిలబడి చెరో చేత్తో ఇద్దరికీ ఒకేసారి అందించాడు.

"ఎవరు ఓడినా అడుగులు పట్టు తప్పాయని నా మీదికి రాకండి" అన్నాడు.

పాపం, ఆయన సంగతి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒకతి పెళ్ళాం, ఒకతి చెల్లెలు.

వచ్చే నెల మూడు కొండల మీదుగా ఆడవాళ్ళ పరుగు పందెం ఉంది. మా రన్నింగ్ క్లబ్బుకు అందులో ఒక్కటే చోటు. అన్నయ్య దుకాణంలో బూట్లు కుట్టుకుంటూ ఎన్నాళ్ళనుంచో నేను ఆ చోటు మీదే కన్నేసి ఉన్నాను. ఈ ఏడు ఇక నాదే అనుకున్నాక వదిన వచ్చి పక్కన నిలబడింది. ఆమెకు పరుగు నేర్పింది ఎవరనుకున్నారు? నేనే. కాపురానికి వచ్చిన కొత్తలో వీధి చివరిదాకా పరుగెత్తి, దీపస్తంభం పట్టుకుని రొప్పేది. ఏకై వచ్చి మేకై కూర్చుంది. పోస్టు సంచీ భుజాన వేసుకుని మెట్ల వీధులన్నీ ఎక్కి దిగే ఉద్యోగం ఆమెది. ఆ కాళ్ళు చూస్తే నిచ్చెనలకు కూడా కన్ను కుడుతుంది.

మమ్మల్నిద్దరినీ ఎన్నిసార్లు పరుగెత్తించినా తేడా తేలక, క్లబ్బు నడిపే పెద్దాయన చివరికి ఒక తీర్పు చెప్పాడు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంటుంది కాబట్టి ఆయన్ని అందరం విజిల్ మాస్టారు అంటాం.

"ఊరి వెనక కొండ చుట్టి వచ్చి, ఈ దుకాణం తలుపు ఎవరు ముందు ముట్టుకుంటే చోటు వాళ్ళది. ఎటునుంచి వెళ్తారో మీ ఇష్టం."

మా వీధి కుడి చివర నుంచి బయల్దేరిన దారి అడవిలోంచి మెల్లగా కొండెక్కి, శిఖరం మీద గొడుగులాంటి రాయిని దాటి, అవతల నిటారు బండ దిగి, రాళ్ళవాలు మీదుగా వీధి ఎడమ చివరకు వస్తుంది. ఆ బండ దిగడానికి ఇనుప గొలుసు ఒకటి వేలాడదీసి ఉంటుంది. దాన్ని పట్టుకుని జారడంలో కోతి కూడా నాకు సాటి రాదు. అందుకే నేను కుడివైపు ఎంచుకున్నాను. ఎక్కడమే బతుకుతెరువైన వదిన ఎడమవైపు ఎంచుకుంది. బండ ఎక్కేసి, అడవి పల్లంలో పొడుగు కాళ్ళు బార్లా చాపుకుంటూ దిగాలని ఆమె లెక్క.

"మరదలు పిల్లా, పైన ఎదురైతే పలకరిస్తావా, మొహం తిప్పుకుంటావా?" అంది లేసులు బిగిస్తూ.

"నీకు కనిపించేది నా వీపే వదినా."

"ఎదురెదురుగా పోతూ వీపెలా కనిపిస్తుందే?" అన్నాడు అన్నయ్య.

"నువ్వు ఎవరి పక్షం?" అని ఇద్దరం ఒకేసారి అడిగాం. ఆయన జిగురు డబ్బా తీసుకుని లోపలికి పోయాడు.

ఒక సంగతి చెప్పాలి. మేమిద్దరం ఒకరి మాట ఒకరు నమ్మడం మానేసి చాలాకాలమైంది. ఒకనాడు సాధన మధ్యలో "మీ అన్న పిలుస్తున్నాడు" అని నన్ను వెనక్కి పంపేసి, తను ఒక్కతే కొండెక్కి కూర్చుంది. నేనేం తక్కువ తిన్నానా? మర్నాడు ఆమె రెండు బూట్ల లేసులూ కలిపి మైనపు దారంతో కుట్టేశాను.

విజిల్ మోగింది. కాళ్ళకు బుద్ధి చెప్పాం.

అడవిలో అడుగు పెట్టగానే ఒళ్ళంతా చెవులయ్యాయి. రాత్రి గాలివాన వచ్చి పోయింది. తడి ఆకు, మట్టి వాసన, కొత్త రబ్బరు నేలను కరుచుకుంటున్న చప్పుడు. ఊపిరికీ అడుగుకూ లంకె కుదిరింది. నేను పరుగెత్తడం లేదు, దారే నా కింద వెనక్కి పరుగెడుతోంది అనిపించింది. అంతలో వాగు ఒడ్డున పెద్ద చెట్టొకటి దారికి అడ్డంగా కూలి ఉంది. ఆలోచించకుండా కొమ్మల కింద దూరాను. చొక్కా చిక్కుకుంది, జుట్టు చిక్కుకుంది. పాములా పాకి బయటపడి, దుమ్ము దులుపుకుంటూ తలెత్తితే, పైన గట్టు మీదుగా మేకలు నడిచే దారి కనిపించింది. అటు తిరిగితే చిటికెలో దాటేదాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పళ్ళు కొరుక్కుంటూ పైకి లంఘించాను.

గొడుగురాయి దగ్గర గాలి చెంప మీద కొట్టింది. కింద మా వీధి ఎవరో పారేసిన దారప్పోగులా ఉంది. రాయి దాటి, ఒక మనిషే పట్టే అంచు దారిలోకి వచ్చానో లేదో, ఎదురుగా వదిన ఎర్రటోపీ లేచింది. ఇద్దరిలో ఎవరు ముందున్నారో దేవుడికే తెలియాలి.

ఆమె ఆగింది. ఆగడమే వింత.

"గొలుసు పట్టుకోకు. పైన దాన్ని బిగించిన మేకు ఊడి బండ కింద పడింది."

నాకు నవ్వొచ్చింది. నా బలమంతా ఆ గొలుసులోనే ఉందని ఆమెకు తెలుసు. "మా అన్నయ్య కూడా పిలుస్తున్నాడా వదినా? పక్కకు జరుగు."

"జరగను. నమ్మవని తెలిసే తెచ్చాను." పిడికిలి విప్పింది.

జానెడు పొడుగున్న ఇనుప మేకు. తుప్పు అంటి అరచెయ్యి ఎర్రగా ఉంది. బొటనవేలి కింద తోలు లేచిపోయింది. బరువని చేతిరుమాలు కూడా వెంట తెచ్చుకోని మనిషి, ఆ ఇనుము మోసుకుంటూ బండంతా ఎక్కి వచ్చింది. ఇంకెవరైనా అయితే ఒక్క మాట చెబితే సరిపోయేది. నాకు చెప్పాలి కాబట్టి మేకు మోసింది.

"గొలుసుకు ఎడమపక్క బండలో చీలిక ఉంది. అందులో మడమలు పెట్టుకుని కూర్చుని దిగు. సోకులకు పోకు" అంది.

మేకు తీసుకుని నడుముకు చుట్టుకున్న సంచిలో వేసుకున్నాను. నోట్లో ఒక మాట తిరుగుతోంది. చెప్పకపోతే ఆమె కూడా నాలాగే కొమ్మల్లో చిక్కుకుంటుంది. గెలుపు నాదే.

"వాగు దగ్గర చెట్టు కూలింది. కింద దూరకు. పైన గట్టు మీద మేకల దారి ఉంది" అన్నాను.

"సరే" అని నన్ను రాసుకుంటూ దాటి పోయింది. నిజమా, ఒట్టా అని కూడా అడగలేదు. నన్ను నమ్మడానికి ఆమెకు మేకు అక్కర్లేకపోయింది.

బండ అంచున నిలబడి చూశాను. గొలుసు కొస ఉట్టినే పడి ఉంది. చేత్తో లాగితే పాములా జారి, కింద రాళ్ళ మీద ఘల్లుమంది. వెనక్కి జరిగి, ఎడమపక్క చీలిక వెతుక్కున్నాను. తర్వాత చీలికలో మడమ పెట్టాను. అన్నయ్య వేసిన అడుగు రాయిని పట్టుకుని వదల్లేదు. కూర్చుని, జరిగి, దూకి నేలకు వచ్చాను. ఇక అక్కణ్ణుంచి రాళ్ళవాలు నాది. రాయి కదిలేలోపే ఇంకో రాయి మీదున్నాను. గులకరాళ్ళు నాతోపాటే పందెం వేసుకుని దొర్లాయి. భయం ఎక్కడో పైనే ఉండిపోయింది. ఎవరూ వినడం లేదు కదా అని గట్టిగా కేక పెట్టాను కూడా.

వీధి ఎడమ చివర మలుపు తిరిగాను. కుడి చివర ఎర్రటోపీ మలుపు తిరిగింది.

జనం గోడలకు అతుక్కుపోయారు. బట్టల కొట్టు గుమాస్తా చేతిలో గుడ్డ తాను సగం విప్పి మరిచిపోయాడు. ఇద్దరం ఒకరి మీదికి ఒకరం పరుగెడుతున్నాం. వదిన కళ్ళు, పళ్ళు కనిపించేంత దగ్గరయ్యాం. తలుపు మీద అరచేతుల చప్పుళ్ళు రెండు వినిపించాయి.

మొదటిది నాది కాదు.

మాస్టారు విజిల్ ఊది వదిన వైపు చెయ్యి చూపించాడు. అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది. కానీ ఒళ్ళు మాత్రం ఇంకా రాళ్ళవాలు మీదే ఎగురుతోంది.

"పరుగెత్తి పాలు తాగింది చాలుగానీ, నిలబడి నీళ్ళు తాగండి" అని అన్నయ్య చెంబు అందించాడు.

జరిగింది విని గుమాస్తా పెదవి చప్పరించాడు. "ఆ చెట్టు సంగతి చెప్పకపోయుంటే నువ్వే గెలిచేదానివమ్మా."

నేను సంచిలోంచి మేకు తీసి తలుపు పక్క బల్ల మీద పెట్టాను. "ఇది తేకపోయుంటే ఈపాటికి నన్ను మీరంతా మోసుకొస్తూ ఉండేవాళ్ళు."

"పాపం, మోసేవాళ్ళ నడుములు విరిగేవి" అంది వదిన. అన్నయ్య ఆమె అరచెయ్యి కడిగి కట్టు కడుతూ, కొత్త మేకు రేపే వేయించాలని అప్పటికే మాస్టారితో మాట్లాడుతున్నాడు.

లోపలికి వచ్చాక వదిన బూట్లు విప్పి నా ఒళ్ళో పెట్టింది. "మూడు కొండల పందేనికి వీటిని నువ్వే కుట్టాలి. మీ అన్నకు ఒకేలాంటివి రెండు చేయడమే వచ్చు."

"లేసులు కూడా కలిపి కుట్టెయ్యనా?"

"కుట్టు. గెంతుకుంటూ వెళ్ళినా నీకంటే ముందే ఉంటా."

నేను సూదిలోకి మైనపు దారం ఎక్కించి, ముందు మడమ దగ్గర మొదలుపెట్టాను.