జాడీలో కలిపిన నీళ్ళు

నీళ్ళు కలిపితే నన్ను పట్టుకున్న మొనగాడు పావగడ తాలూకాలోనే లేడు. శెనక్కాయ మూటలు మండీకి తోలే ముందు పైపైన నీళ్ళు చిలకరిస్తే తూకం పెరుగుతుంది. మా మంగళవాడలో కాకులు కూడా బోరింగు దగ్గర వరుసలో నిలబడిన కరువులోనూ, నా మూటలకు నీళ్ళు తక్కువ కాలేదు.

తొంబై రెండులో నా కూతురు నాగక్క బిడ్డకు కాలి ఎముకలో క్యాన్సరు వచ్చింది. పేరు ఓబమ్మ, తొమ్మిదేళ్ళు. నాగక్క ఇంట్లో చంటిబిడ్డను వదిలి రాలేకపోయింది. నెలనెలా బెంగళూరు ఆసుపత్రిలో మందు ఎక్కిస్తుంటే పాపకు తోడు నేనే.

అక్కడి నర్సమ్మది హిందూపురం. గీతలున్న గాజుజాడీ నా చేతికిచ్చి, "ఈ మందు రోగాన్నే కాదు తాతా, కిడ్నీలను గూడా కొడతాది. పాపకు బాగా నీళ్ళు తాపు. పోసిన ఉచ్చంతా దీంట్లో పట్టి నాకు చూపీ. తగ్గితే ఇంకో సూది పెట్టాల," అంది.

మందు ఎక్కితే పాప తాగిన గుక్కెడూ కక్కేది. సాయంత్రానికి జాడీలో సగం గీతకైనా అందలేదు. "తాతా, రవ్వన్ని నీళ్ళు పొయ్యి, లేకుంటే మళ్ళా గుచ్చుతారు," అని పాప నా పంచె పట్టుకుని ఏడ్చింది.

చెంబెడు కలిపాను. నర్సమ్మ జాడీ ఎత్తి చూసి, "తేటగా ఉండాదే! బాగా తాపినావు," అని మెచ్చుకుని రాసుకుంది. మూడు నెలలూ అదే వరస.

నాలుగో నెలకు పాప మొహం ఉబ్బింది. రక్తపరీక్ష చూసి డాక్టరు కాగితాలు తిరగేశాడు. "కిడ్నీలు సగం పోయినాయి. ఇక్కడ చూస్తే అంతా బాగున్నట్టు రాసినావు!" అని నర్సమ్మ మీద అరిచాడు.

"కండ్లారా చూసే రాసినా సార్," అంటూ ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను పైన తిరిగే ఫ్యాను చూస్తూ కూర్చున్నాను.

"అక్కను తిట్టొద్దు సార్. తాతే నీళ్ళు కలిపినాడు," అంది పాప.

"ముందే తెలిసింటే మందు తగ్గించేవాళ్ళం కదయ్యా," అన్నాడు డాక్టరు.

నర్సమ్మ నా వైపు తిరిగి, "నిన్ను నమ్మితి కదప్పా!" అంది. పాప తిట్టలేదు. "తాతా, నీకన్నీ తెలుసనుకున్న్యా," అని గోడవైపు తిరిగి పడుకుంది.

మొనగాడు లేడన్నానా? మండీలో కాయలు కొనే దొడ్డయ్య ఏటా మూటలో చెయ్యి పెట్టి, "ఏం పాపన్నా, నీ ఒక్క చేన్లోనే వాన పడినట్టుండాదే!" అని నవ్వి ఆ నీళ్ళ బరువుకు తరుగు తీసేవాడు. ఒక్క ఏడూ తప్పించుకోలేదు. నమ్మనివాణ్ణి నేనేం మోసం చేయగలను?

డాక్టరు మందు మార్చాడు. పాప బతికింది. కిడ్నీలు మాత్రం ఆ సగమే. నేను చెంబుతో నీళ్ళిస్తే ఇప్పటికీ తీసుకోదు, లేచి కుండలోంచి తానే ముంచుకుంటుంది.

ఇందులో ఒకటి కల్పించాను. కాకుల సంగతి కాదు, అది నిజం. నీళ్ళు పొయ్యమని పాప ఏడ్చిందన్నానే, అది. ఆ సాయంత్రం పాప పట్టుకున్నది నా పంచె కాదు, చెంబున్న చెయ్యి. "వద్దు తాతా, అక్క చెప్పింది కదా," అంది.

"ఊరికే ఉండు, నీకేం తెలుసు?" అన్నాను.