డబ్బాలో అమ్మ నవ్వు

మా అక్క తనను తాను తిట్టుకోవడానికి ఒక యంత్రాన్ని తయారుచేసుకుంది. మిగతావాళ్లకు చుట్టాలు తిడితే సరిపోతుంది. ఆమెకు సరిపోలేదు.

అసలు అది తిట్టడానికి చేసింది కాదు, గుర్తుపెట్టుకోవడానికి చేసింది. నీళ్లు పరీక్ష చేసే లాబ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ కంప్యూటర్‌తోనే ఆమె సావాసం. అక్కడ అబ్బిన విద్యతో ఇంట్లో ఒక ప్రోగ్రాం రాసుకుంది. దాని పేరు డబ్బా. బొమ్మలుండవు, బటన్లుండవు, మౌస్‌తో పనిలేదు. నల్లటి తెర, దాని మీద మిణుకుమిణుకుమనే ఒక గీత, అంతే. అక్కడ మాట కొట్టి ఎంటర్ నొక్కాలి. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది. 'డబ్బా పెట్టు' అని కొట్టి, ఒక పేరు ఇచ్చి, కింద సంగతి రాస్తే లోపల దాచుకుంటుంది. 'డబ్బా వెతుకు' అంటే వెతుకుతుంది. 'డబ్బా తీయ్' అంటే తీసి చూపిస్తుంది. 'డబ్బా పారెయ్' అంటే పారేస్తుంది. పారేస్తే ఇక పారేసినట్టే. "చెత్తబుట్టలో వేసి మళ్లీ ఏరుకోవడం నాకు చేతకాదురా" అనేది.

ఆ డబ్బాలో లేనిది లేదు. ఏ బోరు నీళ్లలో ఏ ఉప్పు ఎక్కువ, ఇంటి పైకప్పు ఎక్కడ కారుతుంది, నాకు ఏ మాత్ర పడదు, పోయిన బావ చొక్కా కొలతలు, అమ్మ చెప్పుల సైజు. నేను ముందుగదిలో కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగ్ పని చేస్తాను. "అక్కా, కత్తెర ఎక్కడ?" అని అరిస్తే, లోపల టకటకమని చప్పుడు, ఆ వెంటనే "బీరువా మీద, బిస్కెట్ల టిన్నులో! కళ్లు పెట్టి చూడు!" అని జవాబు. కత్తెర తన చేతిలోనే ఉన్నా డబ్బానడిగి చెప్పే రకం.

"మనుషులు బుర్రలో పెట్టుకుంటారు, నువ్వు డబ్బాలో పెట్టుకుంటున్నావ్" అనేవాణ్ణి.

"నీకు రెండూ లేవుగా, ఎనిమిదో క్లాసూ!" అనేది. ఎనిమిదితో బడి మానేశానని ఆమె నాకు పెట్టిన పేరు అది. ఇంకెవరన్నా అలా పిలిస్తే పళ్లు రాలగొట్టేవాణ్ణి.

డబ్బా విషయంలో ఆమెకు రెండు పట్టుదలలు. తను స్వయంగా ఎరగనిది అందులో పెట్టదు. ఎవరో చెప్పారు, ఎక్కడో విన్నాను అంటే కుదరదు. రెండోది, ఒకసారి పెట్టింది మళ్లీ పెట్టకూడదు. అదే పేరుతో ఇంకోసారి పెట్టబోతే యంత్రం ఒప్పుకోదు, తిడుతుంది. ఆ తిట్టు కూడా ఆమే రాసింది, ఉద్యోగంలో వెలిగిపోతున్న రోజుల్లో, తనలో తను నవ్వుకుంటూ: "ముందే పెట్టావే, మతిమరుపు మొహమా!"

అప్పట్లో అది జోకు.

నా పెళ్లాం నన్ను వదిలేసి పోయాక ఇంట్లోకి రానిచ్చింది అక్క ఒక్కతే. మిగతా చుట్టాలంతా గుమ్మంలో నిలబడి జాలిపడి, లోపలికెళ్లి గడియ పెట్టుకున్నారు. అందుకని నాకు ఈ లోకంలో మనిషి అంటే అక్కే. అమ్మ కూడా అక్కే అనుకోవచ్చు. అమ్మ పోయేనాటికి నాకు ఊహ తెలియదు. గోడ మీద ఫోటో ఒకటుంది. అందులో ఆవిడ పెదాలు బిగించుకుని, ఫోటో తీసేవాడి మీద కోపమొచ్చినట్టు చూస్తుంది. ఆవిడ గురించి అంతకుమించి నాకు తెలిసిందంతా అక్క నోటినుంచి విన్నదే.

ఒక ఉదయం అక్క లేస్తూనే, మొహం కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఏరా, అమ్మ ఎలా నవ్వేదో ఇప్పుడే గుర్తొచ్చింది. జారిపోకముందే డబ్బాలో పడేయనీ."

పేరు కొట్టింది: అమ్మ నవ్వు. తెర మీద తిట్టు వచ్చింది.

"ఓసి నా మొహం మండా, ఎప్పుడో పెట్టాను!" అని పగలబడి నవ్వింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అది తీసి చదివి వినిపించింది.

తెర నిండా ఉంది. అమ్మకు ముందుపన్ను సగం విరిగి ఉండేదట. అందుకని నవ్వొస్తే ఎడమచేయి నోటికి అడ్డం పెట్టుకునేదట. మొదట ముక్కులోంచి చిన్నగా గాలి, తర్వాత భుజాలు కదలడం, చప్పుడు అన్నిటికంటే చివర. ఆఖరి వాక్యం ఇది: 'తమ్ముణ్ణి ఎత్తుకున్నప్పుడు అమ్మకు రెండు చేతులూ వాడికే చాలేవి కావు, అంత బరువు వెధవ. అప్పుడు మాత్రం నవ్వు మొత్తం కనపడేది.'

నేను లేచి నా గదిలోకి వెళ్లాను. ఆ రోజు పని సాగలేదు.

మర్నాడు ఉదయం అక్క మళ్లీ వచ్చి కూర్చుంది. "ఏరా, అమ్మ ఎలా నవ్వేదో గుర్తొచ్చింది." మళ్లీ తిట్టు. ఈసారి కొంచెం తక్కువ నవ్వింది. ఆ మర్నాడూ అదే. మరో ఉదయం తిట్టు చూసి నవ్వలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు తెరను చూసి అడిగింది.

"ఏరా, నాకేమన్నా అవుతోందా?"

డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "పెరిగేదే గానీ తగ్గేది కాదండీ, మాత్రలతో కాస్త నెమ్మదిస్తుంది" అన్నాడు. నాతో కాదు, అక్కతో కాదు, కిటికీతో. బస్సులో అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొన్నాళ్లకు డాక్టరు చెప్పిందీ మరిచిపోయింది. ఆ జబ్బు మాకు చేసిన మేలు అదొక్కటే.

డబ్బా ఆ మేలు కూడా మిగలనిచ్చేది కాదు. ఆమె ప్రతి ఉదయం ఏదో దొరికినట్టు మెరిసే కళ్లతో వచ్చి కూర్చునేది. ప్రతి ఉదయం అది, ఆమె మాటలతోనే, 'మతిమరుపు మొహమా' అనేది. ఏ రోజుకారోజు ఆమెకది కొత్త. ఏ రోజుకారోజు మొహం వాడిపోయేది, కంచం ముందునుంచి లేచిపోయేది. తన జబ్బు కబురు తనకే రోజూ కొత్తగా తెలిసే మనిషిని మీరెక్కడన్నా చూశారా? నేను చూశాను, ఒకే ఇంట్లో ఉండి.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసేవాడున్నాడు. ఏ కంప్యూటర్ తెచ్చినా ముట్టుకోకుండానే 'వైరస్' అంటాడు కాబట్టి వీధి మొత్తం వాణ్ణే వైరస్ అంటుంది. వాణ్ణి అక్క లేని వేళ చూసి ఇంటికి పిలిచాను.

"ఆ తిట్టు పీకెయ్."

వాడు తెరలోకి తొంగిచూసి తల గోక్కున్నాడు. "అన్నా, మీ అక్కగారు ఏ ముడి ఎక్కడ వేశారో నాకు అంతుపట్టట్లేదు. ఒకటి లాగితే మొత్తం ఊడొస్తుంది."

"నువ్వు చదువుకున్నావుగా?"

"ఆవిడంత చదవలేదన్నా." కాస్త ఆలోచించాడు. "ముందే ఉంటేనే కదా తిట్టేది? లేకుండా చెయ్. ఆవిడ పెట్టాక నువ్వు పారెయ్. మర్నాడు వచ్చి మళ్లీ పెట్టుకుంటారు, హాయిగా ఉంటారు."

వాడి టేబుల్ ఫ్యాను కాలిపోయి మూలన పడుంటే దానికి తీగ చుట్టి ఇచ్చాను. అంత గొప్ప సలహాకు ఆ మాత్రం చేయకపోతే ఎలా?

మధ్యాహ్నం అక్క నిద్రపోయాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మోటార్ల మీద రేకు బిళ్లలు చదివీ చదివీ ఇంగ్లీషు అక్షరాలు వచ్చు నాకు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. డబ్బా పారెయ్ అమ్మ నవ్వు. ఎంటర్. "పారేశాను" అంది తెర.

మర్నాడు అక్క వచ్చి పెట్టింది. "భద్రం, నువ్వు నిశ్చింతగా ఉండు" అంది డబ్బా. పెట్టింది పెట్టినట్టు లోపలికి పోతే అనడానికి ఆమె రాసుకున్న మాట అది. ఆ మొహం చూడాలి మీరు. ఆ పూట అడిగి వడ్డించుకుని తింది. నా మోటార్ల దగ్గరికొచ్చి, "ఇదేంట్రా, తీగ ఇలా చుట్టావ్, తాగి చుట్టావా?" అని వెక్కిరించింది. అలా నడిచింది. ఉదయం ఆమె పెట్టేది, మధ్యాహ్నం నేను పారేసేవాణ్ణి. ఇల్లు కాస్త ఇల్లులా ఉంది.

పారేసే ముందు నేనెప్పుడూ లోపల ఏముందో చూడలేదు. ఆమె రాస్తుంది, రేపు మళ్లీ రాస్తుంది, చూసేదేముంది? ఒక మధ్యాహ్నం ఎందుకో, అమ్మ గురించి చదవాలనిపించి, తీయమని కొట్టాను. ఒకే ఒక్క ముక్క ఉంది అందులో: 'అమ్మ నవ్వు బాగుంటుంది.'

పన్ను లేదు. చేయి అడ్డం లేదు. ముక్కులో గాలి లేదు. నేను లేను.

మా పనిలో మొదట నేర్పేది ఒకటుంది. మోటారు విప్పగానే, కాలిన తీగను కొయ్యకముందు, ఏ గాడిలో ఎన్ని చుట్లున్నాయో, తీగ ఎంత లావుందో రాసి పెట్టుకోవాలి. పాతది చూసుకోకుండా కోసేస్తే కొత్తది చుట్టడానికి ఆధారం ఉండదు. బతుకంతా ఆ పని చేసిన నేను, పాతది చూసుకోకుండా కోసేశాను.

వైరస్ దగ్గరికి పరుగెత్తాను. "మొదటిది వెనక్కి తీయగలవా?"

"ఇన్నాళ్లుగా దాని మీద ఎన్ని పడ్డాయో అన్నా, ఇంకేం మిగలదు. ఒక కాపీ తీసిపెట్టుకుని పారేయాల్సింది కదా!"

"ఆ ముక్క అప్పుడే ఏడవచ్చుగా!"

"నువ్వు తిట్టు ఆపమన్నావ్. ఆగింది." వాడి ఫ్యాను మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతోంది.

ఆ రోజు కూడా పారేశాను. మిగిలిన ఆ ఒక్క ముక్కా ఉంటే ఎంత, పోతే ఎంత అనుకున్నాను.

నల్ల తెరకు ఒక గుణముంది. నాకెవడూ చెప్పలేదు. బాణం గుర్తున్న మీట నొక్కితే, అంతకుముందు కొట్టినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి. అక్క బుర్ర ఎన్నో మరిచిపోయింది గానీ వేళ్లు మరవలేదు. మర్నాడు ఉదయం లోపలినుంచి పిలిచింది.

"ఎనిమిదో క్లాసూ. ఇటు రా."

ఆ గొంతు పాతది, లాబ్‌లో పదిమందిని నిలబెట్టి అడిగే గొంతు. విని చాలాకాలమైంది. వెళ్లాను.

తెర మీద 'పారెయ్ అమ్మ నవ్వు' అని ఉంది. మీట నొక్కింది. 'తీయ్ అమ్మ నవ్వు.' నొక్కింది. 'పెట్టు అమ్మ నవ్వు.' నొక్కింది. 'పారెయ్.' నొక్కింది. 'పెట్టు.' నొక్కుతూనే ఉంది.

"పెట్టింది నేను. పారేసిందెవడు?"

"నేనే."

"ఎందుకు?"

"అది నిన్ను తిడుతోందక్కా."

"తిట్టనీ! ఆ తిట్టు నేను రాసుకున్నది. మధ్యలో నువ్వెవడివిరా?"

"రోజూ ఏడుస్తున్నావ్."

"ఏడుస్తాను. నాకేమైందో నాకు తెలిసి ఏడుస్తాను. ఏమీ తెలియకుండా రోజూ నవ్వితే దాన్నేమంటారు? పిచ్చిదంటారు. నన్ను తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టావ్."

ఆమె ఆయాసం తగ్గాక అడిగింది.

"మొదట రాసినదాంట్లో ఏముందిరా?"

చెప్పాను. పన్ను సంగతి చెబితే "అవును, విరిగింది, మెట్ల మీద పడి" అంది. ముక్కులో గాలి సంగతి చెబితే కళ్లు మూసుకుని "ఆఁ" అంది. ఆఖరి వాక్యం కూడా చెప్పాను. కళ్లు తెరిచి నా వంక చూసింది.

"ఇది నేను రాయలేదు."

"రాశావక్కా. నువ్వే చదివి వినిపించావ్."

"ఊహూఁ. నాకు అలాంటిదేం గుర్తులేదు." కోపం పోయింది, గొంతు మెత్తబడింది. అదే నన్ను ఎక్కువ కోసింది. "అమ్మను నువ్వు సరిగా ఎరగవు కదా. నీకూ ఒక ముక్క కావాలనిపించింది, కల్పించుకున్నావ్. పోనీలే."

"నేను డబ్బాలో కొడతాను."

"కొట్టకు. నేనెరగనిది నా డబ్బాలో ఉండదు. ఇకమీదట ఇందులో చెయ్యి పెట్టనని చెప్పు."

"పెట్టను."

పన్ను సంగతి రాయడానికి తనే మీటల మీద చేతులు పెట్టింది. 'పెట్టు అమ్మ నవ్వు' అని కొట్టేసరికి వేళ్లు ఆగిపోయాయి. "ఏం రాయాలనుకున్నాను?" అంది తనలో తను. నేను నోరు తెరిచేలోగా, 'అమ్మ నవ్వు బాగుంటుంది' అని కొట్టి ఎంటర్ నొక్కింది. భద్రం, నువ్వు నిశ్చింతగా ఉండు, అంది డబ్బా.

ఆ మధ్యాహ్నం నేను కంప్యూటర్ జోలికి పోలేదు.

మర్నాడు ముందే లేచి, ఆమె కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అక్క వచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి.

"ఏరా, అమ్మ ఎలా నవ్వేదో గుర్తొచ్చింది."

కొట్టింది. తెర తిట్టింది. ఆమె మొహంలో వెలుగు ఎలా పోతుందో అంత దగ్గరనుంచి నేనెప్పుడూ చూడలేదు.

"ముందే పెట్టానా?"

"పెట్టావక్కా."

"నాకేమన్నా అవుతోందా?"

"అవుతోంది. మతిమరుపు జబ్బు. డాక్టరు చెప్పాడు, నీకూ చెప్పాడు. మరిచిపోయావ్."

ఏడ్చింది. నేను ఆపలేదు. వార్నిష్ మరకలున్న నా చెయ్యి ఆమె చేతి మీద వేసి కూర్చున్నాను. చాలాసేపటికి ముక్కు తుడుచుకుంది.

"ఏం రాశానో తీయ్. కళ్లు మసకగా ఉన్నాయి, నువ్వే చదివిపెట్టు."

తీశాను. తెర మీద ఒకే ముక్క ఉంది. దాని వంకే చూస్తూ చదవడం మొదలుపెట్టాను. ముందుపన్ను చదివాను. ఎడమచేయి చదివాను. ముక్కులోంచి గాలి, భుజాలు, చివర చప్పుడు. తమ్ముణ్ణి ఎత్తుకున్నప్పుడు రెండు చేతులూ వాడికే చాలేవి కావని, అప్పుడు మాత్రం నవ్వు మొత్తం కనపడేదని, అక్కడిదాకా చదివాను. ఇచ్చిన మాట తప్పలేదు, డబ్బాలో చెయ్యి పెట్టలేదు.

అక్క తడి కళ్లతో నన్ను ఎగాదిగా చూసింది. "అంత బరువుండేవాడివా?"

"నువ్వే రాశావ్."

"అయితే నిజమే. ఎరగనిది నేను పెట్టను కదా." కుర్చీలో వెనక్కి వాలింది. "మళ్లీ చదువు."

ఆ ఒక్క ముక్క మీద చూపు నిలిపాను. ముక్కులో గాలి ముందా, భుజాలు ముందా? ఇందాక ఏది ముందు చదివాను? గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.