ఎవరో ఒకరు

ఆ ఆదివారం ఆకాశం తెల్లవారకముందే కురిసి అలిసిపోయింది. పడమటి కొండ మీద మబ్బు ఇంకా తడి దుప్పటిలా వేలాడుతూనే ఉంది గాని, దాని అంచు కింద జానెడు నీలం విచ్చుకుని అంతకంతకూ వెడల్పవుతోంది. అట్రాక్టా ఫీనీ వంటింట్లో కప్పులు కడుగుతూ ఆ నీలాన్నే చూస్తోంది. గడ్డి కోసి ఆరబెట్టుకున్నవాళ్ళకి అది మంచి కబురు. ఆమెకి కాదు. వాన పడితే ఎవరూ రారు. ఎండ కాస్తే తాళంచెవి కోసం వస్తారు.

ఇంటి వెనక గొర్రెల పొలం దాటితే సరస్సు ఒడ్డున పాత సన్యాసుల మఠం. కప్పు ఎప్పుడో పోయింది. నాలుగు గోడలు, తూర్పున ఒక పొడుగాటి కిటికీ, ముక్కు అరిగిపోయిన రాతి బిషప్పు ఒకాయన మిగిలారు. గొర్రెలు దూరకుండా దానికి ఇనపగేటు పెట్టారు. గేటు తాళంచెవి మలకీ తాతగారి కాలం నుంచీ ఫీనీల ఇంట్లోనే ఉంటోంది. రోడ్డు మీద బోర్డు కూడా ఉంది, తాళంచెవి ఎం. ఫీనీ గారింట్లో అడగవలెనని. ఆ ఎం. మొదట మలకీ తండ్రి మార్టిన్. ఆయన పోయాక బోర్డు మార్చే పని కూడా లేకుండా అదే అక్షరం మలకీకి దక్కింది. మార్టిన్ భార్య పేరు బ్రిజిడ్, మలకీ భార్య పేరు అట్రాక్టా. తలుపు తీసింది మాత్రం ఈ ఆడవాళ్ళిద్దరే.

తాళంచెవి పొయ్యి పక్కన మేకుకి వేలాడుతుంది. జానెడు పొడుగు, ఇనుము, చేతిని కిందికి లాగేంత బరువు. ఫీనీల మగవాళ్ళందరూ తలుపులోంచి వంగి రావలసినంత పొడుగు. మేకు మాత్రం ఆడమనిషి భుజం ఎత్తులో ఉంది. కాపురానికొచ్చిన మొదటి వారంలోనే అత్తగారు దాన్ని చూపించింది. "ఈ ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదమ్మాయ్. ఎవరో ఒకరు ఉండాలి" అంది. కొత్త కోడలు ఆ మాటని మామూలుగానే విని తలూపింది. ఎవరో ఒకరు అంటే ఎవరైనా కావచ్చని అనుకుంది. అది తన పేరేనని తెలియడానికి చాలా కాలం పట్టింది.

పిండి చేతులతో తీసింది గేటు. చంకన బిడ్డతో తీసింది. జ్వరంతో, రాత్రి గౌను మీద మలకీ కోటు వేసుకుని తీసింది. వచ్చినవాళ్ళు మర్యాదస్థులే, ఆమె భుజం మీదుగా ఇంట్లోకి తొంగిచూసి ఫీనీ గారున్నారా అని అడిగేవాళ్ళు. పొలంలో ఉన్నారని చెప్పి తాళంచెవి అందుకునేది. సాయంత్రాలు మలకీ చావడిలో బీరు గ్లాసు ముందు కూర్చుని, ఇవాళ మాకు హాలండ్ వాళ్ళొచ్చారు, నిన్న మాకు జర్మన్లొచ్చారు అని చెప్పేవాడట. మాకు అనే మాట ఆయన నోట్లో ఎంత హాయిగా ఉండేదో చావడి నడిపే డింప్నా ఒకసారి నవ్వుతూ అభినయించి చూపించింది. డింప్నా ఆమెతో కలిసి బడికి నడిచిన మనిషి. ఆమెకున్న ఒకే ఒక్క స్నేహితురాలు.

అట్రాక్టా తండ్రి పోయినప్పుడు సమాధి కార్యక్రమానికి అందరూ వెళ్ళారు. నెల తిరిగాక జరిగే పూజకి మాత్రం ఆమె వెళ్ళలేదు. ఆ రోజు బస్సునిండా జనం వస్తామని కబురు పెట్టారు. మలకీ కోటు తొడుక్కుంటూ, ఎవరో ఒకరు ఉండాలి కదా, నీ తరఫున నేను వెళ్తాలే అన్నాడు. ఆమె తండ్రి పూజకి ఆమె తరఫున అల్లుడు వెళ్ళాడు. తిరిగొచ్చి టీ, హామ్ పెట్టారు, హామ్ బాగుంది అని చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆమె రాతి బిషప్పు పక్కన నిలబడి వచ్చినవాళ్ళతో ఇటు రండి, అడుగు చూసి వెయ్యండి అంటూనే ఉంది. ఏడవడానికి కూడా ఖాళీ దొరకలేదు.

ప్రతి జూన్‌లోనూ ఊరి చర్చి ఆడవాళ్ళు బస్సు కట్టించుకుని సరస్సులు చూడ్డానికి వెళ్తారు. ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు. లాఖ్ కీ సరస్సుకి ఏ దారిన వెళ్ళాలో, కారోకీల్ కొండమీది రాతి గోరీలకి ఎక్కడ కారు ఆపుకోవాలో అడిగిన ప్రతివాడికీ ఆమే చెప్పింది. అవన్నీ వచ్చినవాళ్ళ నోటనే నేర్చుకుంది. మలకీని ఒకసారి అడిగితే, "కిటికీలోంచి చూస్తే సరస్సు. ఇంకెన్ని నీళ్ళు కావాలి నీకు?" అన్నాడు. పరిహాసానికే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. గొర్రె ఈనుతుంటే రాత్రంతా కూర్చునే మనిషి. ఆమె కూడా ఎప్పుడైనా ఇంట్లోంచి కదలాల్సిన ప్రాణమని ఆయనకి తోచలేదు, అంతే. ఆ తోచకపోవడమే ఆమెకి అన్నిటికన్నా ఎక్కువగా గుచ్చుకునేది. చెడ్డవాడైతే పోట్లాడి ఉండేది.

ఈ ఏడు ఈస్టర్ నాడే చెప్పి ఉంచింది, బస్సెక్కుతానని. చూద్దాం అన్నాడు. నిన్న సాయంత్రం పూజ నుంచి తిరిగొచ్చి, రేపు కౌంటీ మ్యాచ్ ఉంది, తమ్ముడు కారు తెస్తున్నాడు అన్నాడు. ఇంకేమీ అనలేదు. అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆమె కప్పులు బోర్లించి చేతులు తుడుచుకుంది. కోటు వేసుకుంది. మలకీ టోపీ పెట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి ఆమె మేకు మీంచి తాళంచెవి తీసి పట్టుకుని ఉంది.

"ఎక్కడికి?" అన్నాడు.

"బస్సుకి."

"మ్యాచ్ ఉందని చెప్పాగా."

"రేడియోలో వస్తుంది."

"మరి ఎవరో ఒకరు..."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని అరచేతిలో తాళంచెవి పెట్టింది. దాని బరువుకి ఆ చెయ్యి కాస్త కిందికి దిగడం చూసింది.

"ఇవాళ ఆ ఎవరో ఒకరు నువ్వే" అంది.

సందు మొదట్లో బస్సు హారన్ కొట్టింది. ఆమె గుమ్మం దాటి నడిచింది. వెనక్కి పిలుస్తాడేమోనని భయం. పిలిస్తే ఆగుతానేమోనని ఇంకా భయం. ఆయన పిలవలేదు. తిట్టనూ లేదు. ఇంట్లో ఇద్దరూ మాటల పొదుపే. ఆ పొదుపు జీవితంలో మొదటిసారి ఆమెకి పనికొచ్చింది.

బస్సులో డింప్నా పక్క సీటు ఆపి ఉంచింది. "ఇంట్లో ఒక కీ వదిలిపెట్టి ఇంకో కీ, లాఖ్ కీ దగ్గరకే పోతున్నావా తల్లీ" అంది. బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

లాఖ్ కీ నీళ్ళు సీసం రంగులోంచి నీలంలోకి తిరుగుతున్నాయి. దీవి మీద పాడుబడ్డ కోట, చెట్ల మధ్య ఇంకా చిన్న దీవులు. ఎన్నిసార్లు వర్ణించిందో ఆ కోటని. తను చెప్పినదానికన్నా చిన్నదిగా ఉంది, దగ్గరగా ఉంది. చెప్పినదాంట్లో గాలి లేదు. నీళ్ళ మీంచి వచ్చి చెవుల్లో దూరే ఈ గాలి సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. గోడ మీద కూర్చుని రొట్టె ముక్కలు విప్పుకున్నారు. ఫ్లాస్కు మూత తియ్యగానే అట్రాక్టా లేచి అందరి కప్పులూ అందుకోబోయింది. డింప్నా కోటు పట్టుకు లాగింది.

"కూర్చోవే. ఇక్కడ గేటు లేదు."

కూర్చుంది. ఎవరో ఆమెకి టీ పోసి ఇచ్చారు. చేతులు ఒళ్ళో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కప్పుని రెండు చేతుల్తోనూ పట్టుకుంది.

కారోకీల్ కొండ ఎక్కడానికి సగంమంది మొరాయించి బస్సులోనే ఉండిపోయారు. ఆమె ఎక్కింది. బురద గడ్డి మీద, గొర్రెలు వేసిన దారిలో. పైన రాళ్ళ కుప్పలు, ఒక కుప్ప పక్కన మనిషి పాకి దూరేంత సందు. పిరమిడ్లకన్నా పాతవని వచ్చినవాళ్ళు ఆమెకి చెప్పారు, ఆమె తర్వాత వచ్చినవాళ్ళకి చెప్పింది. మోకాళ్ళ మీద పాకి లోపలికి వెళ్ళింది. లోపల కూర్చునేంత చోటు, పొడి వాసన, తల మీద ఒకదానిమీద ఒకటి ఆనుకున్న పెద్ద బండలు. గాలి మోత ఆగిపోయింది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక చుట్టూ చూసింది. దీనికి తలుపు లేదు. తాళం లేదు. కొండ కింద ఏ ఇంట్లోనూ దీనికోసం పొయ్యి పక్కన ఏ ఆడదీ కాపలా లేదు. అయినా ఇన్ని వేల ఏళ్ళు ఎక్కడికీ పోకుండా ఉంది. ఇది నిలబడటానికి తను అక్కర్లేకపోతే మఠానికి మాత్రం ఎందుకు అక్కరొచ్చింది? రాళ్ళకి కాదు అక్కర. ఫీనీల ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నారు అనిపించుకోవడానికి అక్కర. ఆ చీకట్లో ఆమె తండ్రిని తలుచుకుంది. ఎవరూ తలుపు తట్టలేదు. కావలసినంత సేపు కూర్చుంది.

తిరుగు దారిలో బస్సు ఊళ్ళోకి పోకుండా ఆమెకి తెలిసిన మలుపే తిరిగింది. ఇదేంటే అన్నట్టు చూస్తే డింప్నా కిటికీ బయటికి చూస్తూ, "ఆఖరిది మన మఠం. ఊళ్ళోవాళ్ళం మనం చూసి ఎన్నేళ్ళయింది" అంది. డింప్నా ముఖంలో ఏ పాపమూ ఎరగనితనం మరీ ఎక్కువగా ఉంది.

బస్సాగగానే అట్రాక్టా కాళ్ళు అలవాటుగా ఇంటివైపు రెండడుగులు వేసేశాయి. ఆపుకుంది. డింప్నాయే వెళ్ళి తలుపు తట్టింది. లోపల రేడియో ఆగింది. మలకీ వంగి బయటికొచ్చాడు, చేతిలో తాళంచెవి. ఆడవాళ్ళ గుంపులో భార్యని చూశాడు. టోపీ సర్దుకుని, పొలం వెంట ముందు నడిచాడు.

గేటు దగ్గర తాళంచెవి దూర్చి తిప్పాడు. తిరగలేదు. బయటికి తీసి, ఊది, మళ్ళీ తిప్పాడు. భుజంతో గేటుని నెట్టాడు. మెడ ఎర్రబడింది. పొద్దున్నుంచీ రెండు కార్లు వచ్చాయనీ, తాళం పాడైందని చెప్పి పంపించాననీ తాళానికే చెబుతున్నట్టు గొణిగాడు. వెనక ఆడవాళ్ళు ఒక్కొక్కరే అట్రాక్టా వైపు చూడటం మొదలుపెట్టారు. ఆమె చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి. అవి బయటికి రావాలని గింజుకోవడం ఆమెకి తెలుస్తూనే ఉంది. ఒక్క అడుగు ముందుకేస్తే సరిపోతుంది. ఇన్నేళ్ళూ ఆ ఒక్క అడుగే వేస్తూ వచ్చింది. వేళ్ళు ముడిచి జేబుల్లోనే బిగించింది.

"తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదా మలకీ" అంది డింప్నా.

ఎవరూ నవ్వలేదు. సరస్సు మీద బాతు ఒకటి అరిచింది. మలకీ నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. ఊరి ఆడవాళ్ళందరి ముందూ ఆయన భార్యని ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"ఎలా తీస్తావు దీన్ని?"

ఆమె ఉన్నచోటునుంచి కదలకుండా చెప్పింది. "మోకాలితో గేటుని పైకి లేపు. తర్వాత ఎడమకి తిప్పు."

"ఎప్పుడూ ఇంతేనా?"

"నేనొచ్చినప్పటినుంచీ."

ఆయన మోకాలు ఆనించి లేపాడు. తాళం తెరుచుకుంది. గేటు తెరిచి పక్కన నిలబడ్డాడు, ఇన్నేళ్ళూ ఆమె నిలబడ్డ చోటే. ఒక్కొక్కరూ లోపలికి పోతూ థాంక్స్ అన్నారు. ఆఖరున అట్రాక్టా వచ్చింది. "థాంక్స్, మలకీ" అని, చూడవచ్చిన మనిషిలా లోపలికి నడిచింది. బిషప్పు ముందు నిలబడి తీరిగ్గా చూసింది. ముక్కు అరిగినా ఆయన మొహం నవ్వుతున్నట్టు ఉంటుందని ఇన్నాళ్ళూ గమనించలేదు.

బస్సు వెళ్ళిపోయాక ఇంటికొచ్చింది. తొట్టిలో ఒక కప్పు, టేబుల్ మీద రొట్టె తుంపులు. మధ్యాహ్నం ఆయన సరిగా తినలేదని తెలుస్తోంది. ఆమె కోటు విప్పి కుర్చీలో కూర్చుంది. లేవలేదు. మలకీ వంటింటి మధ్య కాసేపు నిలబడ్డాడు. తర్వాత పెనం ఎక్కడుంటుందని అడక్కుండా మూడు అలమరలు తెరిచి వెతుక్కున్నాడు. గుడ్లు వేశాడు, నిన్నటి బంగాళాదుంపలు వేపాడు, అంచులు మాడాయి. రెండు పళ్ళేలు తెచ్చి పెట్టాడు. తాళంచెవి టేబుల్ మీదే ఉంది, ఉప్పు పక్కన.

జూన్ వెలుతురు ఇంకా కిటికీ నిండా ఉంది. రెండు ముద్దలు తిన్నారో లేదో, బయట కారాగింది. తలుపు మీద చప్పుడు. ఇద్దరూ విన్నారు. అట్రాక్టా బంగాళాదుంప ముక్క కోసుకుని నోట్లో పెట్టుకుంది. మలకీ ఫోర్కు కింద పెట్టి, తాళంచెవి తీసుకుని లేచాడు. పొలం వెంట ఆయన బూట్ల చప్పుడు, ఎవరివో పరాయి గొంతులు, గేటు కిర్రుమనడం ఆమె కూర్చున్నచోటికి వినిపించాయి.

తిరిగొచ్చి మేకు దగ్గరకి వెళ్ళాడు. వంగి చూశాడు. వంగినవాడు నిటారై, తలుపు దగ్గర తన టోపీ తగిలించుకునే కొక్కేనికి తాళంచెవి తగిలించి, వచ్చి కూర్చున్నాడు. చల్లారిన గుడ్డు తినడం మొదలుపెట్టాడు. ఆమె ఉప్పు ఆయన వైపు జరిపింది. ఇద్దరూ పళ్ళేలు ఖాళీ చేశారు.