ముందే పడేది

కెంచప్ప మొహానికి పూసిన రంగు తీయడం భార్య పంపమ్మ పని. ఊరి బయట రాత్రంతా ఆడే బయలాట నాటకం ముగిసిన పొద్దున అతను అరుగు మీద కూచుని మొహం పైకెత్తేవాడు. ఆమె నిలబడి, కొబ్బరినూనెలో ముంచిన గుడ్డతో నుదురూ చెంపలూ తుడిచేది. సిరుగుప్ప కాలువ కింది ఊళ్ళన్నిటికీ గద పట్టే వీరుడు అతనే. ఆటలో మాటలు కన్నడం, ఇంట్లో తిట్లు తెలుగు. ఆడేవాళ్ళందరికీ వండి వార్చే పంపమ్మ పేరు ఏ ఊళ్ళోనూ ఎవరికీ తెలియదు.

"మెల్లిగా తుడువే. తోలు ఊడొస్తాంది" అన్నాడు.

వాకిట్లో పిల్లలు అదే ఆట ఆడుతున్నారు. కొడుకు బసవకు తాటాకు కిరీటం, గదకు బదులు పప్పుగుత్తి. కూతురు సుంకికి ఎప్పుడూ రక్కసి వేషమే.

"ఈపొద్దు నేను గద పట్టుకుంటా" అంది సుంకి.

"ఆడదానికి గదేందే? పడేదే నీ పని." అచ్చం తండ్రి గొంతు.

బసవ పప్పుగుత్తి ఎత్తాడు. అది తగలకముందే సుంకి తలకు చెయ్యి అడ్డం పెట్టుకుని, పక్కకు ఒరిగి పడింది.

పంపమ్మ అత్త దురుగమ్మ పగలబడి నవ్వింది. "రక్కసంటే ఇదీ! యాడ నేర్చినావే ఇట్ల పడేది?"

"అమ్మను చూసి." సుంకి దుమ్ము దులుపుకుంది. "చెయ్యి దిగకముందే పడల్ల అవ్వా. అట్లయితే శానా నొయ్యదు. నాయన గూడా అంతటితో ఇడిసిపెడతాడు."

పంపమ్మ చేతిలో గుడ్డ ఆగింది. కాపురానికొచ్చిన ఏడాదే నేర్చుకున్న విద్య అది. ఎవరూ చూడలేదనుకుంది. తల్లి తనకు ముగ్గులు నేర్పింది, రొట్టె తట్టడం నేర్పింది. తను కూతురికి నోరు విప్పకుండానే ఇది నేర్పింది. రేపు ఏ ఇంట్లో ఎవడు చెయ్యెత్తినా సుంకి ముందే పడుతుంది. ఇల్లాలంటే ఈమే అంటుంది లోకం.

"పిల్లదానికి ఇవా నువ్వు నేర్పేది? నా మర్యాద తీస్తాండావా?" కెంచప్ప లేచాడు. మొహంలో సగం ఎరుపు అట్లాగే ఉంది. చెయ్యెత్తాడు.

ఆమె ఒళ్ళు అలవాటుగా ఎడమకు ఒరగబోయింది. సుంకి చూస్తోంది. పంపమ్మ పాదాలు నేలకు అదిమిపెట్టింది.

దెబ్బ నిండుగా తగిలింది. చెవి గుయ్యిమంది, పెదవి చిట్లింది. ఆమె పడలేదు. నూనెగుడ్డ అరుగు మీద పెట్టి, "మిగిలింది నువ్వే తుడుచుకో" అంది.

రెండోసారి లేచిన కెంచప్ప చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

బసవ పప్పుగుత్తి దించి దురుగమ్మ వైపు చూశాడు.

"అవ్వా, రక్కసి పడకుంటే ఏం జెయ్యల్ల?"