రూమీ టోపీ ఎద్దు

మిల్లు గోడ మీది పరదాను కాస్త పక్కకు జరిపి చూసిన కౌసల్యమ్మకు గుండె గుభేలుమంది. గోడ మీద కుచ్చు వేలాడే ఎర్ర రూమీ టోపీ పెట్టుకుని, షేర్వాణీ తొడుక్కుని, చంకలో గొడుగుతో ఒక ఎద్దు నిలబడి ఉంది. ఎద్దు సరే, ఆ ముఖం అచ్చం మామగారిది!

ఎవరిని అని ఏం లాభం? తాండూరులో పెట్టిన కొత్త కందిపప్పు మిల్లుకు మార్కా బొమ్మ వేయడానికి వికారాబాదు నుంచి మత్తయ్యను పిలిపించమని పట్టుబట్టింది తనే. వికారాబాదు బస్టాండు దగ్గర సోడా దుకాణం బోర్డు మీద అతను వేసిన బొమ్మ చూసి మనసు పారేసుకుంది. తలపాగా చుట్టుకున్న చిలుక ఒకటి టాంగాలో కాలు మీద కాలేసుకుని కూర్చుని సోడా తాగుతోంది. చుట్టూ పాత అగ్గిపెట్టెల మీద ఉండేలాంటి తీగల అంచు, ఇటుక ఎరుపు, పసుపు, సీసా పచ్చ రంగులు. అమ్మమ్మల కాలపు ఠీవి ఉంది, ఆ ఠీవిని ఆటపట్టించే కొంటెతనమూ ఉంది. బస్సులో తాండూరు దాకా తనలో తాను నవ్వుకుంటూనే వచ్చింది. "లచ్చిందేవి బొమ్మ అందరేస్తరు. మనకు గసొంటి ఎద్దు బొమ్మ గావాలె," అని భర్త విశ్వేశ్వర్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

అక్కడితో ఆగినా బాగుండేది. పాతకాలం బట్టల నమూనా కావాలని మత్తయ్య అడిగితే, మామగారు కైలాసం ఎప్పుడో తీయించుకున్న ఫోటో తీసిచ్చింది. నిజాం రోజులు పోయి పుష్కరం దాటింది, ఆ బట్టలు ఇంకెక్కడ దొరుకుతాయి మరి! అది ఎవరి ఫోటో అని మత్తయ్యా అడగలేదు, ఈమే చెప్పలేదు. అతని పొట్ట గడిచేదే పోయినవాళ్ళ ఫోటోల మీద గళ్ళు గీసి, గడి గడినీ చూస్తూ పెద్ద బొమ్మగా దించడంతో. బతికున్నవాళ్ళకు ఆ గళ్ళ బొమ్మ అశుభమని ఊరంతటికీ భయం. టోపీ కోసం గళ్ళు గీశాడు. టోపీతో పాటు ఎగరేసిన కనుబొమ, మెలితిప్పిన మీసం కూడా దిగిపోయాయి.

"ఏం జేసినవయ్యా మత్తయ్యా! బట్టలు జూసి గియ్యమంటే మనిషిని గీస్తివి! మా మామ బతికే ఉన్నడు!"

మత్తయ్య నాలుక కరుచుకున్నాడు. "గళ్ళల్ల పడితే నాకు గడి తప్ప ఇంకేం కనవడదమ్మా. కాలు మాత్రం నేను సొంతంగనే గీసిన."

కాలు! అప్పుడు చూసిందామె. ఎద్దు కుడికాలు గాల్లోకి ఎత్తి చిందేస్తోంది. కైలాసానికి పక్షవాతం వచ్చి పడిపోయింది ఆ కుడికాలే. అప్పటి నుంచి ఎవరైనా కుర్చీతో మోస్తే తప్ప గడప దాటడు, ఎవరితోనూ సరిగా మాట్లాడడు. ఆ మనిషిని బతికుండగానే గళ్ళల్లో దించి, పైగా కాలు లేవదని వెక్కిరించినట్టు! ఇది చూస్తే ఆ ముసలి ప్రాణం నిలుస్తుందా?

"సున్నం గొట్టు. జల్ది!" అంది. అంత ముద్దొచ్చే బొమ్మను చెరిపించాలంటే మనసొప్పలేదు. మత్తయ్య బకెట్టు అందుకునేసరికే గేటు దగ్గర సందడి. తండ్రికి కొత్త బొమ్మ చూపిద్దామని విశ్వేశ్వర్, హమాలీలు కలిసి ఆయన కుర్చీని మోసుకొచ్చి సరిగ్గా గోడకెదురుగా దించారు.

"పరదా తియ్యుండ్రి," అన్నాడు కైలాసం.

"మామా, ఇంకా అయిపోలే, రేపు..." అంటూ ఆమె పరదాకు అడ్డం రాబోయింది. విశ్వేశ్వర్ ఆ మాట వినిపించుకోకుండా పరదా లాగేశాడు. లాగినవాడు లాగినట్టే కొయ్యబారిపోయాడు.

ముసలాయన టోపీ చూశాడు, మీసం చూశాడు. కాలి దగ్గర చూపు ఆగిపోయింది. ఆయన గడ్డం వణుకుతుంటే కౌసల్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తప్పంతా తనదేనని కాళ్ళ మీద పడదామని అడుగు కూడా వేసింది.

"ఎడ్లకు మీసాలుంటయారా?" అన్నాడు కైలాసం.

మత్తయ్య తల వంచుకున్నాడు. "తప్పయింది సేటు. సున్నం గొడుత."

"ఎవడ్రా కొట్టమన్నది?" ముసలాయన కోడలి వైపు తిరిగాడు. "నేను పడ్డకాడికెల్లి ఇంట్ల అందరు దండేసిన ఫోటోను జూసినట్టు జూస్తున్నరు నన్ను. గీ మత్తయ్య నాతోని చిందేయిస్తున్నడు గద బిడ్డా!"

నవ్వుతున్నాడు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కౌసల్యమ్మకు ఏడుపు ఆగలేదు. ఆయన ఒళ్ళోని కర్ర ఎత్తి ఎద్దు కాలిని చూపించాడు.

"మత్తయ్యా, గా కాలు ఇంక జర పైకి లేపు."