మధ్యాహ్నం బల్ల

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి చస్తాయని సిడ్నీ బ్యాంకులు వణుకుతున్న రోజులవి. బ్లాక్‌టౌన్ నుంచి రోజూ రైలెక్కి వచ్చి, ఓ బ్యాంకులో ఆ తేదీలు సరిచేసే శ్యామసుందరి ఆ వణుకు మీదే బతుకుతోంది. జనవరి తర్వాత కాంట్రాక్టు పొడిగిస్తే వీసా నిలుస్తుంది. లేకపోతే మూటాముల్లే సర్దుకుని కాకినాడ పోవడమే.

పొడిగించేది గ్రెగ్, డాలస్ నుంచి దిగిన మేనేజరు. దిగీదిగగానే లంచ్ గంట ఎత్తేశాడు. పిజ్జా, కోక్ సీటు దగ్గరికే వస్తాయి. ఒక చేత్తో కొరుక్కుంటూ రెండో చేత్తో కోడ్ కొట్టాలి. గొడ్డునైనా మేత తిన్నాక కాసేపు నెమరేసుకోనిస్తారు! అలా తింటే సుందరికి కడుపులో మంట. అయినా ఒకందుకు ఆ తిండి నచ్చింది. ఎవరి డబ్బా వాళ్లది, ఎంగిలి గొడవ లేదు.

ఆఫీసులోని చైనావాళ్లు మాత్రం గ్రెగ్ మాట లెక్కచెయ్యలేదు. వాళ్లలో పెద్దాయన లియాంగ్, ఆఫీసు వంటగది పాంట్రీలో బల్ల మధ్యన అన్నం, ఆవిరి మీద ఉడికిన చేప, ఆకుకూర, పల్చటి సూప్ పెట్టించేవాడు. అంతా చుట్టూ కూర్చుని, అన్నం తినే పుల్లలు నోట్లో పెట్టుకుని, అవే మళ్లీ ఆ గిన్నెల్లో పెట్టేవాళ్లు. సుందరికి ఒళ్లు జలదరించేది.

పక్క సీటు బాలమురళి నవ్వేవాడు. "అటు చూడకండి సుందరి గారూ. వాళ్లతో కూర్చుంటే గ్రెగ్ వాళ్లతోపాటే విమానం ఎక్కిస్తాడు."

ఆ రోజు మంచినీళ్ల కోసం వెళ్లేసరికి గ్రెగ్ పాంట్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సీట్లో తినని వాళ్లకి జనవరి తర్వాత పని లేదంటున్నాడు. లియాంగ్ అతని వైపు చూడనేలేదు. సుందరిని చూసి, ఖాళీ కుర్చీ ఇవతలికి జరిపాడు. ఆమె ఎందుకు కూర్చుందో ఆమెకే తెలీదు. ఆయన చేప బుగ్గ దగ్గరి మెత్తని ముక్క తన పుల్లలతోనే తీసి, ఖాళీ గిన్నెలో వేసి ఆమె ముందు పెట్టాడు. వాళ్లలో అది మర్యాద.

మన దగ్గర ఎంగిలి. తినే చేత్తో కూరగిన్నె ముట్టుకుంటేనే అమ్మ కేకలేసేది. లేచిపోవచ్చు. లేస్తే గ్రెగ్ సంతోషిస్తాడు, వీసా నిలుస్తుంది. కానీ ఇన్ని నెలల్లో ఆ పిజ్జా డబ్బాల ముందు, తిన్నావా అని అడిగిన మనిషి ఒక్కడున్నాడా?

నోట్లో పెట్టుకుంది. చప్పన. అల్లం వాసన.

గ్రెగ్ ఆమెను పేరు పెట్టి పిలిచి సీటుకి పొమ్మన్నాడు.

"తింటున్నాను గ్రెగ్" అంది. లేవలేదు.

సరే, జనవరిలో చూద్దామని గ్రెగ్ విసురుగా వెళ్లిపోయాడు. అన్నంత పనీ చెయ్యగలడు, ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా తింటోంది.

కాసేపటికి బాలమురళి పిజ్జా ముక్క చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, వెనక్కీ ముందుకీ చూశాడు.

"కారం ఉందాండీ?" అన్నాడు మెల్లిగా.

"లేదు. కూర్చోండి."