అమీర్‌పేటలో అమెరికా నోరు

నేను ఒక చేతి అద్దాన్ని. గుండ్రటి ముఖం, పట్టుకోవడానికి కొయ్య పిడి, వీపు మీద వెలిసిపోయిన గులాబీ పువ్వు. పుట్టింది అమెరికాలో. గొప్పలు పోవడానికి ఈ మాట చెప్పడం లేదు, కథకి అవసరం కాబట్టి చెబుతున్నాను. సరే, కాస్త గొప్ప కూడా ఉందనుకోండి. అమీర్‌పేటలో అమెరికన్ యాస నేర్పే ఇన్‌స్టిట్యూట్లు సందుకొకటి వెలిసిన రోజుల్లో, ఆ పేట మొత్తానికి అసలైన అమెరికా సరుకు నేనొక్కదాన్నే.

అద్దానికి చెవులుంటాయా అని అడక్కండి. నాలాగా ఏళ్ల తరబడి మనుషుల నోళ్ల ముందు నిలబడితే మీకూ అన్నీ వినిపిస్తాయి. మిగతా అద్దాలది అదృష్టం. బొట్లు చూస్తాయి, జడలు చూస్తాయి, మీసాలు చూస్తాయి. నా బతుకంతా నోళ్లే. పళ్లు, అంగిలి, నాలుక, ఒక్కోసారి పొద్దున తిన్న ఇడ్లీలోని కొత్తిమీర ఆకు.

నన్ను మొదట కొనుక్కున్నది ఎడ్నా అనే నర్సు. కోనసీమలో ఒక మిషను ఆసుపత్రిలో పనిచెయ్యడానికి వస్తూ, నన్ను ఉన్ని బట్టల మధ్య చుట్టి తెచ్చింది. ఆ ఉన్ని బట్టలు కోనసీమలో ఎందుకూ పనికిరాలేదు. నేను పనికొచ్చాను. రోగులు నొప్పి ఎక్కడో చెబితే ఆమెకి అర్థమయ్యేది కాదు, ఆమె అడిగింది వాళ్లకి అర్థమయ్యేది కాదు. గొంతు నొప్పని వచ్చినవాడికి మోకాలు చూసేదట. చివరికి ఆసుపత్రి గుమాస్తా సువర్ణరాజుని పిలిచి, రోజూ సాయంత్రం తనకి తెలుగు చెప్పమంది. అప్పటికి అతనికి మీసాలు సరిగ్గా వచ్చి రెండేళ్లు.

ఇంగ్లీషు అమ్మగారికి తెలుగు చెప్పడం ఎలాగో సువర్ణరాజుకేం తెలుసు? నన్ను తీసి ఆమె నోటి ముందు పెట్టాడు. "నాలుక వెనక్కి మడవండమ్మగారూ. ఆయ్, ఇంకొంచెం. పళ్లకి తగలకూడదండి, అంగిటికి తగలాలండి." మొదటి నెలంతా ఆమె 'కాళ్లు' అనలేక నా మీద ఉమ్ము తుంపరలు చల్లింది. తర్వాత ఒకరోజు హఠాత్తుగా వచ్చేసింది. ఆ రోజు నుంచి వార్డులో అందరి కాళ్ల గురించీ అడిగింది, కాళ్లు బాగానే ఉన్నవాళ్లని కూడా. ఏడాది తిరిగేసరికి "కడుపులో మెలిపెడతందాండీ?" అంటూ మంచాల మధ్య తిరుగుతుంటే, ఏ రోగమూ లేనివాళ్లు కూడా ఆ మాట వినడానికి చీటీ రాయించుకునేవాళ్లు.

అతను తన తెలుగు ఇచ్చాడు, ఆమె తన ఇంగ్లీషు ఇచ్చింది. "నాలుక దేనికీ తగలకూడదు, గాలిలో వేలాడాలి," అనేది ఆర్ అక్షరానికి. ఈసారి నేను సువర్ణరాజు నోటి ముందు. ఆమెది పుస్తకాల ఇంగ్లీషు కాదు. కొండల మధ్య లోయలో, బొగ్గు గనుల పక్కన పెరిగిన మనిషి. అచ్చుల్ని ఉయ్యాల ఊపినట్టు సాగదీసి, మాట చివర మెల్లిగా దించుతుంది. అమెరికాలో అందరూ అలాగే మాట్లాడతారని సువర్ణరాజు అనుకున్నాడు. అతనికి తెలిసిన అమెరికా మొత్తం ఆవిడే కదా. పెద్దతనం వచ్చి వెళ్లిపోయేటప్పుడు ఆవిడ నన్ను అతని చేతిలో పెట్టి, "నీ తెలుగు నాతో వస్తందండీ, నా ఇంగ్లీషు నీ దగ్గరుంచు," అంది. అతను ఆ రోజు అన్నం తినలేదు. నేను చూశాను, నోరు తెరవనేలేదు.

తర్వాత ఆసుపత్రి మూతపడింది. ట్యూషన్లు చెప్పుకుంటూ, ఊళ్లు మారుతూ, జుట్టు నెరిసే వేళకి సువర్ణరాజు హైదరాబాదు చేరాడు. కాల్ సెంటర్ల రోజులవి. టిఫిన్ సెంటర్ పైన ఒక గది అద్దెకి తీసుకుని బోర్డు రాయించమంటే, పెయింటర్ తన ఇష్టం కొద్దీ 'అమెరికా రిటర్న్డ్ సువర్ణరాజు సార్' అని రాసేశాడు. మాస్టారు చెరిపించాలనే అనుకున్నాడు. ఈలోగా పిల్లలు చేరడం మొదలుపెట్టారు. వచ్చిన పిల్లల్ని వెనక్కి పంపేంత నిజాయితీ ఆ సీజనులో అమీర్‌పేటలో ఎవరికీ లేదు.

క్లాసులో మాస్టారిది ఒకటే పద్ధతి. నేను చేతులు మారుతూ వరస చివరిదాకా వెళ్లాలి. ఒక్కొక్కరూ నాలోకి చూస్తూ నోరు తెరవాలి. కింద నుంచి సాంబారు వాసన, పైన అందరూ కలిసి అచ్చులు సాగదీసే రాగం. దోసె కోసం నిలబడ్డవాళ్లు పైన ఏదో భజన జరుగుతోందనుకునేవాళ్లు.

ఆ బ్యాచ్‌లో స్వరూప అని సూర్యాపేట పిల్ల ఉండేది. మాట చక్కగా పట్టుకునేది కానీ నోరు అర అంగుళం కూడా తెరిచేది కాదు. "నోరు తెరవమ్మా," అని మాస్టారు బతిమాలితే, "చిన్నప్పటి సంది నోరు మూసుకో అన్నరు సార్. మీరేమో తెరువు అంటున్నరు. జర టైం పడ్తది," అంది. ఈ బ్యాచ్‌లో ఉద్యోగం రాకపోతే ఆమెకి సూర్యాపేట బస్సు తప్పదు. ఇంట్లో అంతవరకే ఒప్పుకున్నారు. మిగతావాళ్ల పరిస్థితీ ఇంచుమించు అదే.

సరిగ్గా అప్పుడే ఫణీంద్ర వచ్చాడు. అమెరికాలో ముసలివాళ్లకి మందులు పోస్టులో పంపే కంపెనీకి ఇక్కడి మేనేజరు అతను. మాస్టారి దగ్గర నేర్చుకున్న పిల్లల్ని ఏటా తీసుకునేది ఆ కంపెనీయే.

"మీ స్టూడెంట్స్‌తో పెద్ద ప్రాబ్లమ్ అయిందండీ. ఫోను పెట్టెయ్యరు," అన్నాడు.

"అదేంటండి?"

"మిగతా ఇన్‌స్టిట్యూట్ల పిల్లలు బిళ్లల సంగతి చెప్పి టక్కున ముగిస్తారు. మీ పిల్లలకి ఫోనొస్తే అవతలి ముసలాళ్లు వదలరు. కుక్క పిల్లల్ని పెట్టిందంటారు, మంచు పడిందంటారు, పోయిన మొగుడి గురించి చెబుతారు. మళ్లీ ఫోన్ చేసి ఆ అమ్మాయే కావాలంటారు. మీరు ఏ యాస నేర్పుతున్నారో తేల్చడానికి శుక్రవారం అమెరికా నుంచి క్యారల్ మేడమ్ వస్తున్నారు. ఆవిడకి నచ్చకపోతే ఈ బ్యాచ్ మాకు వద్దండీ."

ఆ రెండు రోజులూ నాకు విశ్రాంతి లేదు. మాస్టారు నన్ను చూస్తూ పళ్లు తోముకున్నాడు, నన్ను చూస్తూ ఆర్ అన్నాడు, నన్ను చూస్తూ చెమట తుడుచుకున్నాడు. ఎడ్నా తర్వాత అమెరికా మనిషితో ఆయన ఒక్క ముక్క మాట్లాడింది లేదు. నోరు విప్పితే బండారం బయటపడుతుంది. నోరు విప్పకుండా ఎలా? శుక్రవారం పొద్దున్న ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసాల రోజులవి. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు: 'ఈ రోజు నాకు మౌనవ్రతం.'

స్వరూప చదివి, "సార్, మీ దాంట్ల గూడ మౌనవ్రతం ఉంటదా?" అంది.

మాస్టారు దాని కింద 'ఉంటుంది' అని రాశాడు. అబద్ధం ఆడకుండా దాక్కోవడానికి ఇంత చక్కటి మార్గం మనుషులకే తడుతుంది. మాకైతే ఎదుట ఎవరుంటే వాళ్లని చూపించి తీరాలి.

సాయంత్రం ఫణీంద్ర వెంట క్యారల్ వచ్చింది. పొట్టి జుట్టు, ఇస్త్రీ చొక్కా, టీవీ వార్తల్లో వినిపించేలాంటి చదునైన మాట. ఆమె మాట్లాడింది ఇంగ్లీషే, నేను మీకు తెలుగులో చెబుతున్నాను. "మీకు నచ్చింది ఏదైనా చెప్పండి," అంది పిల్లలతో. మొదటి కుర్రాడు తన ఊరి గురించి చెప్పాడు. రెండో అమ్మాయి వానల గురించి చెప్పింది. స్వరూప అర అంగుళం కూడా తెరవని నోటితోనే వాళ్ల నాయనమ్మ గురించి చెప్పింది. అచ్చులు ఉయ్యాల ఊగుతున్నాయి. క్యారల్ నిలబడి వింటున్నదల్లా బెంచీ మీద కూర్చుండిపోయింది. "మళ్లీ చెప్పు," అంది స్వరూపతో. స్వరూప భయపడి మళ్లీ చెప్పింది.

క్యారల్ మాస్టారి వైపు తిరిగింది. "ఇది మీరు అమెరికాలో ఏ ఊళ్లో నేర్చుకున్నారు?"

మాస్టారు బోర్డు చూపించాడు. ఫణీంద్ర దాన్ని ఇంగ్లీషులో చెప్పి, ఓపిక నశించి, "కనీసం ఊరి పేరు రాసివ్వండి సార్," అన్నాడు. మాస్టారు సుద్దముక్క తీసుకున్నాడు. బోర్డు దగ్గర నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.

"ఈయన అమెరికా పోయినట్టు లేదు మేడమ్. అంతా ఫేక్. ఈ బ్యాచ్‌ని వదిలేద్దాం," అన్నాడు ఫణీంద్ర. స్వరూప తలొంచుకుంది. వరస మొత్తం తలొంచుకుంది.

నాకు మాస్టారి మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. బోర్డు రాసినప్పుడే చెరిపించి ఉంటే ఈ తిప్పలుండేవి కావు కదా. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి నోరు తెరిచాడు. ఆ నోటిలోంచి ఎడ్నా బయటికి వచ్చింది.

"అమ్మా, నేను అమెరికా చూడలేదు. పిల్లల తప్పేమీ లేదు, నేను నేర్పింది వాళ్లు నేర్చుకున్నారు. నాకు ఈ మాట నేర్పింది ఎడ్నా అని ఒక నర్సమ్మ. ఆవిడది బొగ్గు గనుల ఊరు, కొండల మధ్య. నా ముఖం చూసి పిల్లల్ని వదిలెయ్యకండి. కావాలంటే నన్ను వదిలెయ్యండి."

క్యారల్ బెంచీ మీంచి లేచింది. ఒక లోయ పేరు చెప్పి, "అదేనా?" అంది. మాస్టారు అదేనన్నాడు.

"మా ఇల్లు దానికి పక్క లోయలో. మా అమ్మ ఇలాగే మాట్లాడుతుంది, ఆ వయసు వాళ్లంతా ఇలాగే. ఇప్పుడు అక్కడి పిల్లలెవరికీ ఇది రాదు. అందుకే అటువైపు ముసలివాళ్లు మీ పిల్లల్ని వదలడం లేదు." ఫణీంద్ర వైపు తిరిగి, "ఆ ఫోన్లు చేసేవాళ్లు మన దగ్గర మందులు మానేశారా?" అని అడిగింది.

"లేదు మేడమ్. పక్కింటివాళ్లని కూడా చేర్పిస్తున్నారు."

"మరి ప్రాబ్లమ్ ఏమిటి?"

ఫణీంద్ర గడియారం చూసుకున్నాడు. ప్రాబ్లమ్ అందులోనే ఉన్నట్టుంది. బ్యాచ్ మొత్తాన్ని తీసుకుంటున్నట్టు క్యారల్ అక్కడే చెప్పేసింది. స్వరూప నోరు పూర్తిగా తెరుచుకుంది. ఆ కోర్సు మొత్తంలో అదే మొదటిసారి.

అంతటితో అయిపోవాలి. కానీ మర్నాడు క్యారల్ ఒక్కతే వచ్చి బెంచీ చివర కూర్చుంది. చెప్పడానికి సిగ్గుపడింది. పెద్ద పట్నంలో ఉద్యోగానికి చేరినప్పుడు ఆమె లోయ యాస విని ఆఫీసులో నవ్వారట. డబ్బు కట్టి, టీచరు దగ్గర కూర్చుని, అచ్చమైన అమెరికన్ యాస నేర్చుకుందట. అమెరికాలో పుట్టిన మనిషి అమెరికా యాస డబ్బిచ్చి నేర్చుకోవడం విని నా వీపు మీది గులాబీకి కూడా నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. ఇప్పుడు వాళ్లమ్మకి జ్ఞాపకం చెదిరిపోయిందట. కూతురు ఫోన్ చేస్తే, ఎవరో బ్యాంకు వాళ్లనుకుని పెట్టేస్తోందట. పాత మాట మాట్లాడదామంటే నోరు తిరగడం లేదు.

"నాకు నేర్పుతారా?" అంది.

మాస్టారు నన్ను ఆమె నోటి ముందు పెట్టాడు. "వేగం వద్దమ్మా. అచ్చుని వదలకండి, దాని దారిన దాన్ని దిగనివ్వండి." ఆ పెదవులు బిగుసుకుపోయి ఉన్నాయి. పిల్లలు తమ ప్రాక్టీసు మానేసి చుట్టూ చేరారు. "మేడమ్‌కి గూడ నా లెక్కనే నోరు తెరుస్తలేదు సార్," అంది స్వరూప, ఎంతో ఆనందంగా. వారమంతా క్యారల్ వచ్చింది. టిఫిన్ సెంటర్ దోసె తింది, కారానికి కళ్ల నీళ్లు పెట్టుకుంది, మళ్లీ నా ముందు నోరు తెరిచింది.

ఆమె వెళ్లిపోయే ముందు సాయంత్రం క్లాసులోంచే ఫోన్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారింది. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. స్వరూప నన్ను పట్టుకుని ఆమె ముఖం ఎదురుగా నిలబడింది. నాలో క్యారల్ పెదవులు ఒకసారి తెరుచుకుని మూసుకున్నాయి. మాస్టారు చేత్తో మెల్లిగా అన్నట్టు సైగ చేశాడు.

"అమ్మా, నేనే," అంది క్యారల్. అచ్చు సాగింది, ఊగింది, మాట చివర దిగింది.

ఫోను పెట్టేసిందేమోనని నేనూ భయపడ్డాను. తర్వాత ఒక ముసలి గొంతు, ఎడ్నా గొంతుకు చెల్లెల్లాంటి గొంతు, విసుక్కుంటూ పలికింది.

"ఎక్కడ తిరుగుతున్నావే ఇంతసేపు? నీకోసం ఎదురుచూసి మీ నాన్న తినేశాడు. ఇంటికి రా."

"వస్తున్నానమ్మా," అంది క్యారల్. ఆమె ఊపిరికి నా ముఖమంతా ఆవిరి పట్టింది. స్వరూప చున్నీతో తుడిచేలోపు ఆమె మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది.